కోట మీద హైకూ రాయాలంటే: రాయి, ఋతువు, మూడు చిన్న పాదాలు

కోట పెద్దది, హైకూ చిన్నది. చిక్కంతా అక్కడే ఉంది. రాజులు, ముట్టడులు, వెన్నుపోట్లు, కూలిన గోడలు, వాటిని చూసి మనకు కలిగిన దిగులు, ఇదంతా మూడు పాదాల్లో కుక్కబోతే సంచి కుట్లు విడిపోతాయి. నేను మొదట్లో రాసినవన్నీ అలాంటివే. పాత నోటుబుక్కు తిరగేస్తే పేజీకో చోట ‘గతవైభవం’ కనబడుతుంది. అది లేని పేజీలో ‘మూగ సాక్షి’ ఉంటుంది.

చాలా కాలానికి ఒక సంగతి బోధపడింది. కోటను మనం మోసుకురానక్కర్లేదు. ‘బురుజు’ అన్న మూడక్షరాలు చదవగానే పాఠకుడి మనసులో గోడలు లేస్తాయి, ద్వారం మూసుకుంటుంది, ఎక్కడో గుర్రాల డెక్కలు కూడా వినిపిస్తాయి. చరిత్ర అతని దగ్గర ముందే ఉంది. లేనిదల్లా ఆ రోజు ఆ బురుజు మీద పాకుతున్న చీమ. దాన్ని తెచ్చివ్వడమే మన పని. కింద చెప్పేదంతా ఆ చీమను పట్టుకునే పద్ధతి.

1. ముందు పెద్దలు ఏం చూశారో చూడండి

1689 వేసవిలో జపాన్ కవి బషో ఉత్తరాది ప్రయాణంలో హిరైజుమి చేరి, తకదచి అనే ఎత్తు మీదికి ఎక్కాడు. సరిగ్గా 500 ఏళ్ళ కిందట, 1189లో, యోషిత్సునె అనే వీరుడు కొద్దిమంది నమ్మినబంట్లతో ముట్టడిలో చిక్కి ప్రాణం వదిలిన చోటు అది. బషో వెళ్ళేసరికి అక్కడ మిగిలింది గడ్డి. చైనా కవి దు ఫు 757లో రాసిన పద్యం ఆయనకు గుర్తొచ్చింది. రాజ్యం పోయినా కొండలూ నదులూ నిలిచే ఉన్నాయని, కోటగోడల నగరానికి వసంతం వచ్చి పచ్చదనం కమ్ముకుందని అందులో ఉంటుంది. బషో తాటాకు టోపీలాంటి తన టోపీ కింద పరుచుకుని కూర్చుని చాలాసేపు కన్నీళ్ళు పెట్టుకున్నానని రాసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన రాసిన హైకూలో ఏముందో గమనించండి. మొదటి పాదంలో వేసవి గడ్డి. మిగతా రెండు పాదాల్లో, యోధుల కలలకు మిగిలిన జాడ. యోషిత్సునె పేరు లేదు, తకదచి లేదు, ముట్టడి లేదు, తాను ఏడ్చిన సంగతీ లేదు. అవన్నీ ముందున్న గద్యంలో ఉండిపోయాయి. ఏడుపును గద్యానికి వదిలేసి హైకూకి గడ్డిని ఇచ్చాడు. ఈ పంపకం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

అదే ప్రయాణంలో కొమత్సు అనే ఊరి గుడిలో ఆయన ఒక శిరస్త్రాణం చూశాడు. అది 1183 యుద్ధంలో చనిపోయిన సనెమోరి అనే వృద్ధ యోధుడిది. ముసలివాడని శత్రువు చులకన చేయకూడదని నెరిసిన జుట్టుకు నల్లరంగు వేసుకుని యుద్ధానికి వెళ్ళినవాడు. ఇంత కథ చేతికందినా బషో హైకూలోకి తెచ్చింది ఆ శిరస్త్రాణం కింద అరుస్తున్న కీచురాయిని.

ఇక షికి అనే హైకూ కవి. 1867లో మత్సుయామాలో, కోట నీడలో పుట్టినవాడు, ఒక చిన్న సమురాయ్ ఇంటి బిడ్డ. అతనికి నాలుగేళ్ళు నిండేసరికి, 1871లో, సామంత రాజ్యాలన్నీ రద్దయ్యాయి. కోట ఉంది, కోటను పోషించిన లోకం పోయింది. అతని హైకూ ఒకదాంట్లో మత్సుయామా కోట బురుజు శరదృతువు కన్నా ఎత్తుగా కనబడుతుంది. జపాన్ కవులకు శరత్తులో ఆకాశం ఎత్తుకు పోయినట్టు అనిపిస్తుంది, అది వాళ్ళ ఋతుపదాల్లో ఒకటి. ఆ ఎత్తైన ఆకాశానికన్నా బురుజు ఎత్తు అన్నమాట. కొలత అడుగుల్లో లేదు, ఋతువులో ఉంది. ఇంకోదాంట్లో వసంతం వచ్చింది, ఒకప్పుడు అది లక్షన్నర కొకుల కోటపట్నం. కొకు అంటే ఒక మనిషికి ఏడాది గ్రాసంగా లెక్కగట్టిన బియ్యం. సామంతుడి స్థాయిని వాటితోనే కొలిచేవారు. అందులో ‘అయ్యో’ అన్న మాట ఎక్కడా లేదు. పాత బియ్యం లెక్క ఒకటి చెప్పి ఊరుకున్నాడు, ఆ అంకె పాఠకుడి గుండెలో బరువుగా కూర్చుంటుంది.

2. కోటలో ఏం వెతకాలి

మొదటి అరగంట ఏమీ రాయకండి, ఫోటోలూ తీయకండి. పెద్ద ద్వారం, ఎత్తైన బురుజు, అందరూ నిలబడి ఫోటో దిగే చోటు, ఇవన్నీ కళ్ళారా చూసేయండి. ఆకలి తీరాక గానీ చిన్నవి కనబడవు. తర్వాత ఒకచోట కూర్చోండి. తిరిగితే కోట కనబడుతుంది, కూర్చుంటేనే కోటలో ఏం జరుగుతోందో కనబడుతుంది.

నాకు బాగా పంట పండించిన చోట్లు కొన్ని చెబుతాను.

బాణాలు వేసే సందు. ఐరోపా కోటల్లో ఇది బయటినుంచి చూస్తే గోడలో నిలువు గీత. లోపలికి వెళ్తే అదే సందు గరాటులా విచ్చుకుని ఒక మనిషి నిలబడేంత వెడల్పు అవుతుంది. విలుకాడు అటూ ఇటూ జరిగి గురిచూడాలి కాబట్టి అలా కట్టారు. ఇప్పుడు విలుకాడు లేడు, లోపలికి వచ్చేది ఎండ ఒక్కటే. సన్నగా దూరి, వెడల్పుగా పరుచుకుంటుంది. అక్కడ పది నిమిషాలు కూర్చుంటే ఇది దానంతటదే వచ్చింది:

బాణపు సందు—
ఇవతల ఒడి నిండా
సాయంత్రపు ఎండ

గోడలో చదరపు కన్నాలు. కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చడానికి వదిలినవి. మేస్త్రీలు కర్రలు లాక్కుని వెళ్ళిపోయారు, కన్నాల్లో పిట్టలు కాపురం పెట్టాయి. రాజుగారి గది కోసం అందరూ వెతుకుతుంటారు గానీ ఈ కన్నాలను పట్టించుకునేవాళ్ళు తక్కువ.

గాలిలో వేలాడే పొయ్యి. వేల్స్‌లోని కాన్వీ కోటను ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283 నుంచి 1287 దాకా కట్టించాడు. నాలుగేళ్ళలో లేచిన ఆ కోటలో ఇప్పుడు చెక్క అంతస్తులు లేవు, రాతి గోడలున్నాయి. అందుకని బురుజు లోపల నిలబడి తలెత్తితే పైన ఎక్కడో, కాలు మోపడానికి నేలే లేని చోట, గోడలో పొయ్యి గూడు కనబడుతుంది. ఎవరూ చేరలేని పొయ్యి. చలికాలం రాత్రి దాని ముందు చేతులు చాపినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో అక్కడ ఇప్పుడు గాలి ఉంది. ఇలాంటి దృశ్యం కూలిన కోటలు చాలావాటిలో దొరుకుతుంది.

కూలిన అంతస్తు
గోడలో మిగిలిన పొయ్యిలో
పావురం పొదుగుతోంది

చప్పుళ్ళు. క్యోటోలో 1603 నాటి నిజో కోట నడవాల్లో అడుగు వేస్తే నేల పిట్టలా కిచకిచలాడుతుంది. కింద ఉన్న ఇనుప బద్దలూ మేకులూ రాసుకుని వచ్చే చప్పుడు అది. దొంగచాటుగా వచ్చేవాణ్ణి పట్టించడానికి అలా చేశారని చెబుతారు. ఎడిన్‌బరో కోట మీద 1861 నుంచి ఆదివారాలు తప్ప దాదాపు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిరంగి పేలుతుంది. కవి ఆ పేలుడు గురించి రాయనక్కర్లేదు. పేలాక ఎగిరిన పిట్టలు ఎంతసేపటికి తిరిగి వాలాయో చూస్తే చాలు.

అనుకోని మెత్తదనం. జపాన్‌లోని మత్సుమోతో కోట తుపాకీ సందులతో నల్లగా బిగుసుకుని ఉంటుంది. కోట కట్టిన సుమారు 40 ఏళ్ళకు, యుద్ధాలు సద్దుమణిగాక, దాని పక్కనే మూడు వైపులా తెరుచుకునే చిన్న గది ఒకటి చేర్చారు, చందమామను చూడటానికి. కోటలో ఇలాంటి చోటు దొరికితే వదలకండి.

నోటుబుక్కులో వాక్యాలు రాయొద్దు, సరుకు రాసుకోండి. ‘నాచు తడిగా, మెట్టుకు ఎడమ పక్కనే.’ ‘గొళ్ళెం చల్లగా.’ ‘కాకి ఈక, ఫిరంగి చక్రం కింద.’ ఆరోజే హైకూ చేయాలని కూర్చుంటే సరుకంతా పాడవుతుంది. నేనైతే కనీసం వారం ఆగుతాను. వారం తర్వాత కూడా గుర్తొచ్చి గిల్లేదేదో అదే పనికొచ్చేది.

3. రాయికి ఋతువు లేదు

సంప్రదాయ హైకూలో ఋతువును చెప్పే మాట ఒకటి ఉంటుంది. జపాన్‌లో దాన్ని కిగో అంటారు. ఏ మాట ఏ ఋతువుదో చెప్పే నిఘంటువులే ఉన్నాయి వాళ్ళకి. తెలుగులో రాసేటప్పుడు ఆ నిఘంటువును మక్కికి మక్కి పాటించనక్కర్లేదు గానీ, కోట విషయంలో మాత్రం ఋతువును వదిలేస్తే దెబ్బతింటాం. ఎందుకంటే పువ్వుకు ఋతువు ఉంది, పిట్టకు ఉంది, వానకు ఉంది, రాతిగోడకు లేదు. మే నెలలోనూ డిసెంబరులోనూ అదే గోడ. కాలం కదలని వస్తువు ఒక్కటే పద్యంలో ఉంటే పద్యమూ కదలదు. గోడ పక్కన ఈ వారమే పుట్టి వచ్చే వారానికి పోయేదేదో పెట్టాలి. తూనీగ, మంచు, తొలకరి, రాలిన పూత, ఎండకు పగిలిన అగడ్త అడుగు. అప్పుడు రెండు కాలాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, ఆ రాపిడిలోంచే హైకూ పుడుతుంది.

పంచాంగంలో ఉన్నట్టు ‘వసంత ఋతువులో’ అని రాయకండి. ‘కొత్త చిగురు’ అంటే వసంతం వచ్చేసినట్టే. ‘చెమట’ అంటే వేసవి. ‘కీచురాళ్ళు’ అంటే రాత్రి కూడా కలిసొస్తుంది.

కోట మూసే వేళ
కావలివాడి తాళాల చప్పుడు
కీచురాళ్ళు ఆగి, మళ్ళీ

4. కోత

హైకూలో రెండు ముక్కలుంటాయి, మధ్యలో ఒక కోత. జపాన్ భాషలో ఆ కోతను చూపడానికి ‘యా’, ‘కనా’, ‘కెరి’ లాంటి ప్రత్యేకమైన మాటలున్నాయి. మనకు అవి లేవు. గీత పెట్టొచ్చు, పాదం విరవొచ్చు, నామవాచకం దగ్గర ఆగిపోవచ్చు. మన భాషకో సౌలభ్యం ఉంది, ‘ఉంది’ అనకుండానే ఉన్నట్టు చెప్పగలం. ‘బురుజు అంచు’ అని ఊరుకుంటే చాలు, బురుజు కళ్ళ ముందు నిలబడుతుంది. ఇంకోటి, మన విశేషణ వాక్యాలు నామవాచకానికి ముందే వస్తాయి, జపాన్ భాషలో లాగే. కాబట్టి అసలు వస్తువును మూడో పాదం దాకా దాచిపెట్టడం మనకు సహజంగానే కుదురుతుంది, వాక్యాన్ని వంకర తిప్పక్కర్లేదు.

రెండు ముక్కలూ మరీ దగ్గరవాళ్ళు కాకూడదు. కత్తి పక్కన నెత్తురు, సింహాసనం పక్కన కిరీటం పెడితే పాఠకుడికి చేయడానికి పనేమీ మిగలదు. మరీ దూరమైనా పొసగదు, అగడ్త పక్కన అణుబాంబు పెడితే పొడుపుకథ అవుతుంది. పరీక్ష ఒకటి చెబుతాను. మూడో పాదం చేత్తో మూసి మొదటి రెండూ స్నేహితుడికి చదివి వినిపించండి. అతను మూడోది ఊహించేస్తే మార్చండి. చూపించాక ‘అయితే ఏంటి?’ అన్నా మార్చండి. ఒక్క క్షణం ఆగి ‘ఊఁ’ అన్నాడంటే చాలు.

కందకంలో బురుజు
నీటిపురుగు నడిచినంత మేర
వణుకు

ఇందులో గీత పెట్టలేదు, మొదటి పాదం చివర ఆగితే చాలు. నీళ్ళలో కనబడేది బురుజు నీడ అని కూడా చెప్పలేదు. ‘నీడ’ అన్న మాట మొదటి ప్రతిలో ఉండేది. తీసేశాక నిజం బురుజే వణికినట్టయింది.

5. అయిదు, ఏడు, అయిదు సంగతి

హైకూ పాదాలకు వరసగా అయిదు, ఏడు, అయిదు, మొత్తం పదిహేడు అక్షరాలు అని అందరూ అంటారు. అసలు జపాన్ వాళ్ళు లెక్కపెట్టేది మన అక్షరాన్ని కాదు, మన మాత్రకు, అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపుకు, దగ్గరగా ఉండేదాన్ని. కోట ప్రధాన బురుజును వాళ్ళు ‘తెన్షు’ అంటారు. మనకు అక్షరాలు రెండే, వాళ్ళకు లెక్క మూడు: తె, న్, షు. ఛందస్సు చదువుకున్నవాళ్ళకు ఇది వెంటనే అందుతుంది. పొల్లు వల్ల ‘తెన్’ గురువు, రెండు మాత్రలు, ‘షు’ లఘువు, ఒకటి. మొత్తం మూడు. ‘ఓసక’ నగరం పేరు కూడా అంతే, దీర్ఘం ఉంది కాబట్టి నాలుగు.

అలాగని తెలుగులో 5-7-5 మాత్రలకు బిగిస్తే ఊపిరాడదు. ‘ప్రాకారం’ ఒక్కటే ఆరు మాత్రలు మింగేస్తుంది. షికి చెప్పిన ఆ లక్షన్నర కొకుల కోటపట్నం హైకూ జపాన్ లెక్కలోనే 6-8-5 వస్తుంది. ఆయనకే లేని బెంగ మనకెందుకు? ఒక్క ఊపిరిలో చదవగలిగితే సరి. చిన్న, కాస్త పెద్ద, చిన్న అన్న ఒరవడి చెవికి హాయిగా ఉంటుంది గానీ అది కూడా శాసనం కాదు.

6. మాటలు ఎంచుకోవడం

‘శిథిల దుర్గ ప్రాకారం’ అని మొదలెడితే మొదటి పాదంలోనే ఊపిరి అయిపోతుంది, పైగా పాఠకుడికి శిలాఫలకం చదువుతున్నట్టు ఉంటుంది. ‘కూలిన గోడ’ చాలు. పొట్టిమాటలు మనకు బోలెడున్నాయి: బురుజు, అగడ్త, కందకం, దిడ్డి, గుమ్మం, గొళ్ళెం, అడ్డగడియ, మెట్టు, గూడు, సందు. వీటిలో ‘దిడ్డి’ నాకు చాలా ఇష్టం. పెద్ద తలుపు మూసి ఉన్నప్పుడు మనిషి వంగి దూరే చిన్న వాకిలి అది. ఆ మాట వినగానే నడుము దానంతటదే వంగుతుంది. అగడ్త, కందకం రెండూ ఒకటే అయినా చెవికి వేరు. ‘అగడ్త’లో లోతుంది, ‘కందకం’లో నీళ్ళ చప్పుడుంది. పద్యాన్ని బట్టి ఎంచుకోవాలి.

కొట్టేయాల్సిన మాటల జాబితా నా గోడకు ఇప్పటికీ అతికించి ఉంది: వైభవం, మౌనం, సాక్షి, కాలగర్భం, గాథ, నేడు, ఆనాటి, ఏదీ, ఎక్కడ. ఇవి తప్పు మాటలని కాదు. పాఠకుడు అనుకోవాల్సిన వాటిని ఇవే ముందు అనేస్తాయి, అంతే.

7. ఒక హైకూ, నాలుగు ప్రతులు

అరిగిన మెట్టు మీద వాననీళ్ళలో పిచ్చుక ఆడుతుంటే చూశాను. అక్కడినుంచి ఎలా నడిచిందో దాచకుండా చూపిస్తాను. మొదటి ప్రతి:

ఎందరో రాజులు
నడిచిన ఈ మెట్లు నేడు
మూగగా రోదిస్తున్నాయి

పిచ్చుకే లేదు! చూసింది వదిలేసి, చూడనిది రాశాను. మెట్లు ఏడవవు. పైగా మెట్టును అరగదీసింది రాజులు కూడా కాదు. రాజు రోజుకి ఒకసారి దిగితే, నీళ్ళు మోసేవాళ్ళూ కావలివాళ్ళూ ఇరవైసార్లు ఎక్కి దిగుతారు. రెండో ప్రతిలో కాస్త నిజాయితీ వచ్చింది:

అరిగిపోయిన రాతిమెట్టు మీద
వాననీళ్ళు నిలిచాయి
పిచ్చుక వచ్చి స్నానం చేసింది

ఇది సమాచారం. క్రియ మీద క్రియ వచ్చి ప్రతి పాదమూ ముగిసిపోయింది, కోత లేదు. మెట్టు అరిగింది, అందుకని నీళ్ళు నిలిచాయి, అందుకని పిచ్చుక వచ్చింది అని లెక్క అప్పజెప్పినట్టుంది. మూడోది:

అరిగిన మెట్టు—
గుంటలో నిలిచిన వానలో
పిచ్చుక స్నానం

దగ్గరకొచ్చింది. కానీ అరిగిందంటే గుంట ఉన్నట్టే, గుంట ఉందంటే నీళ్ళు నిలిచినట్టే. మధ్యపాదం మొదటి పాదాన్నే మళ్ళీ చెబుతోంది. ‘లో’, ‘లో’ అని రెండుసార్లు కూడా వచ్చింది. నాలుగు రోజులు పక్కన పెట్టాను. ఆ నీళ్ళు ఎన్ని అని ఆలోచిస్తుంటే మాట దొరికింది:

అరిగిన మెట్టు—
దోసెడు వానలో
పిచ్చుక స్నానం

‘దోసెడు’ అనగానే గుంట ఆకారం, లోతు, నీళ్ళ కొలత మూడూ వచ్చేశాయి. రెండు అరచేతులు కూడా వచ్చాయి, ఎవరివో తెలియకుండా. మెట్టును అరగదీసినవాళ్ళవి అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు. తర్వాత ఊరికే అక్షరాలు లెక్కపెడితే 6-6-5, మొత్తం పదిహేడు తేలింది. నేను లెక్కేసి రాయలేదు, లెక్కే వెతుక్కుంటూ వచ్చినట్టుంది.

8. చమత్కారం అనే ఉచ్చు

కోట హైకూలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. పెద్ద సైన్యానికీ చిన్న తీగకూ పోటీ పెట్టడం అంత తేలికైన పని మరోటి లేదు:

సైన్యం ఎక్కలేని గోడ
ఎక్కి కూర్చుంది
గుమ్మడి తీగ

వినగానే ‘భలే’ అంటారు. రెండోసారి చదవరు. ఇది సామెత చేయాల్సిన పని, ఇందులో గుమ్మడి తీగ కనబడదు, రాసినవాడి తెలివి కనబడుతుంది. అదే తీగ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, అది నిజంగా ఏం చేస్తోందో చూశాను. గోడ పైకంటా వచ్చేసింది, ఇంక పట్టుకోవడానికేమీ లేదు, కొస గాలిలో ఊగుతోంది.

బురుజు అంచు—
పట్టు కోసం గాలిలో
గుమ్మడి తీగ

సైన్యాన్ని తీసేశాను. కావాలనుకున్న పాఠకుడు తనే తెచ్చుకుంటాడు, నిచ్చెనలతో సహా.

నవ్వు వేరు, చమత్కారం వేరు. ఒక పిల్లాడు ఫిరంగి నోట్లో తలపెట్టి ‘ఓయ్’ అని అరిచి, లోపలినుంచి జవాబు కోసం చెవి ఒగ్గడం చూశాను. మనుషుల మీద ఇలా నవ్వుతూ రాసే మూడు పాదాలను జపాన్‌లో సెన్ర్యూ అంటారు. కోటల్లో సందర్శకులు ఉన్నంతకాలం వాటికి కొరత లేదు. ఏది హైకూ, ఏది సెన్ర్యూ అని తగువు పెట్టుకోవద్దు, రాసి పక్కన పెట్టండి.

ఇంకో పరీక్ష కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ హైకూలో ‘కోట’ తీసి ‘బడి’ అనో ‘ఇల్లు’ అనో పెట్టి చదవండి. ఏమీ తేడా రాకపోతే ఆ పద్యంలో కోట లేనట్టే.

9. చూడని కోట మీద రాయవచ్చా

రాయవచ్చు. 18వ శతాబ్దంలో బుసోన్ అనే కవి, చిత్రకారుడు కూడా, తోబా రాజభవనం వైపు అయిదారుగురు గుర్రపు రౌతులు శరత్కాలపు పెనుగాలిలో పరుగెత్తడం హైకూగా రాశాడు. ఆ భవనం ఆయనకు ఆరు వందల ఏళ్ళ ముందు సంగతి. ఎందుకు పరుగెత్తుతున్నారో చెప్పలేదు. తిరుగుబాటా, మరణవార్తా, తెలియదు. కానీ ‘అయిదారుగురు’ అన్నాడు చూడండి, అక్కడే ఉంది కిటుకు. దూరంనుంచి, దుమ్ములో చూసినవాడికే అయిదో ఆరో తేల్చుకోలేకపోవడం ఉంటుంది. ఊహించినా, నిలబడి చూసే చోటు ఒకటి ఎంచుకుని ఊహించాడు.

మీరూ అంతే. చూడని కోట పటం ముందు పెట్టుకుని, అందులో ఒక కిటికీ ఎంచుకుని, ఒక గంట, ఒక వాతావరణం ఖాయం చేసుకోండి. ఆ కిటికీలోంచి కనబడనిది రాయకండి. కోట మొత్తాన్ని ఆకాశంనుంచి చూస్తూ రాసిందేదీ నాకు ఇంతవరకు కుదరలేదు.

10. చరిత్ర చెప్పాలనే ఉంటే గద్యంలో చెప్పండి

కొన్ని కథలు వదలబుద్ధి కావు. వాటికి బషో చూపిన దారే దారి: ముందు నాలుగు వాక్యాల గద్యం, వెనక ఒక హైకూ. దీన్ని హైబున్ అంటారు. నియమం ఒక్కటే, గద్యంలో చెప్పింది హైకూలో మళ్ళీ చెప్పకూడదు. పక్కకు ఒక అడుగు వేయాలి. నేను చేసిన ఒకటి చూడండి.

జపాన్‌లోని హిమేజీ కోటను తెల్లకొంగ కోట అంటారు, సున్నపు తెలుపు వల్ల. ఇప్పుడున్న పెద్ద బురుజు 1609లో పూర్తయింది. అంతకుముందు, 1580 ప్రాంతంలో, హిదెయోషి అనే సేనాని అక్కడ కోట కట్టిస్తుంటే రాళ్ళు చాలలేదట. ఆ మాట విని ఒక పేద ముసలమ్మ తన తిరగలి రాయి తెచ్చి ఇచ్చిందట. అది విని జనం తలా ఒక రాయి తెచ్చారని చెబుతారు. ఆ తిరగలి రాయి అని చూపించేది ఇప్పటికీ గోడలో ఉంది.

చలి పొద్దు—
గోడ పక్కన నిలబడి
అరచేతులు రుద్దుకుంటూ

మొదటి ప్రతిలో ‘తిరగలి’ అన్న మాట హైకూలోనూ ఉండేది. రెండు రాళ్ళు ఒకదానిమీద ఒకటి తిరగడం, రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి రాసుకోవడం పక్కపక్కన చేరాక ఆ మాటకు పని లేకుండా పోయింది. ముసలమ్మ తిరగలి ఇచ్చేశాక ఇంట్లో పిండి ఎలా విసురుకుందో కథలో ఎవరూ చెప్పరు. దాని గురించి ఇంకో హైకూ రాయాలని కూర్చుని ఉన్నాను, ఇంకా చీమ దొరకలేదు.